మట్టిని మరవని రక్తం

"డాక్టర్ మాలైని ఈ మధ్యాహ్నం విమానంలో బ్యాంకాక్ తీసుకెళ్తున్నాను. మీరు అడ్డం రాకుండా ఉంటే అదే పదివేలు."

కల్నల్ ఫీరవిత్ ఆ మాట అంటూ, పరిశోధన కేంద్రంలో విచారణకని నాకిచ్చిన గదిలో నా కుర్చీలోనే కూర్చున్నాడు. ఉబోన్ జిల్లాలో ఇన్‌స్పెక్టర్ కేసొన్ అంటే దొంగలు కూడా లేచి నిలబడతారు. బ్యాంకాక్ నుంచి దిగిన ఈయనగారికి మాత్రం నేను టీ తెచ్చే మనిషిలా కనిపించినట్టున్నాను.

"టీ తెప్పించండి. చక్కెర వద్దు, నాకు షుగరుంది" అన్నాడు.

కనిపించడమేమిటి, అదే అనుకుంటున్నాడు.

బల్ల మీద వెదురు బుట్ట ఒకటుంది, మూతపెట్టి. మాకు పొద్దున లేస్తే జిగురన్నం తీసుకెళ్ళే బుట్ట. "ఇదెక్కడిది?" అన్నాను.

"డాక్టర్ విచియన్ ఇందాకే ఇచ్చాడు. వాళ్ళ చెల్లెలు బ్యాంకాక్ విమానాశ్రయానికొచ్చి తీసుకుంటుందట. మర్యాద తెలిసిన కుర్రాడు. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు తక్కువ."

ఆ మాట మింగేశాను. మింగడానికి కారణముంది.

జరిగింది ఇదీ. మా మట్టిజ్వర పరిశోధన కేంద్రంలో లోపలి గది ఫ్రీజర్ నుంచి బతికున్న క్రిముల సీసా ఒకటి మాయమైంది. చిటికెన వేలంత సీసా. పోయిన శనివారం ఉంది, సోమవారం పొద్దున చూస్తే లేదు. ఆ క్రిమి మా వరిమళ్ళ బురదలోనే బతుకుతుంది, కాలి పగుళ్ళలోంచి ఒంట్లో దూరుతుంది. ఒకడికి చిన్న పుండై మానిపోతుంది. పక్క మడిలో వాడిని వారం తిరక్కుండా కాటికి చేరుస్తుంది. మా నాన్నని అలాగే తీసుకుపోయింది.

ఒకే బురద, ఒకే క్రిమి. ఒక ఒళ్ళు గెలుస్తుంది, ఒక ఒళ్ళు ఓడిపోతుంది. ఎందుకని? ఈ ప్రశ్న పట్టుకుని డాక్టర్ మాలై పన్నెండేళ్ళు ఊరూరా తిరిగింది. ఆవిడా నాలాగే నాట్లు వేసి పెరిగిన పిల్ల. గెలిచినవాళ్ళ రక్తం సేకరించి, వాళ్ళ ఒళ్ళు ఆ క్రిమిని ఎలా పట్టుకుందో, ఎలా చంపిందో చూసి, ఆ విద్య మిగతా ఒళ్ళకి నేర్పే టీకా ఒకటి తయారుచేసింది. మనుషులకి వేసి చూడటానికి పోయిన నెలే అనుమతి వచ్చింది. రాజధాని వాళ్ళు చెయ్యలేనిది మా ఈశాన్యపు పల్లెల ఇసాన్ పిల్ల చేసిందని నేను కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుని తిరిగాను. ఎందుకు చెప్పుకోకూడదు?

ఇప్పుడు మాలై దొంగని తేలితే ఆ అనుమతి పోతుంది. ఫ్రీజర్ల నిండా ఉన్న మా రైతుల రక్తం లారీలెక్కి బ్యాంకాక్ పోతుంది. టీకా ఇంకో పదేళ్ళు వెనక్కి పోతుంది. ఆ పదేళ్ళూ మా నాన్నలాంటివాళ్ళు పోతూనే ఉంటారు.

"విమానం రెండున్నరకి కదా కల్నల్ గారూ?" అన్నాను. "అప్పటిదాకా ఈ కేసు నాది కూడా."

"ఏం మిగిలింది కేసులో? ఆ గది తలుపు తెరిచే నంబరు అయిదుగురికే తెలుసు. ముగ్గురు ఆదివారమంతా పల్లెలో రక్తాలు తీస్తున్నారు, వంద మంది సాక్షులు. నాలుగోవాడు విచియన్, వాడికి లోపలికెళ్ళే వీలే లేదు. ఇక మిగిలిందెవరు?"

"విచియన్‌కి వీలెందుకు లేదో మీకు తెలుసా?"

"ఏదో దారాలన్నారు. మీ మూఢనమ్మకాల సంగతి నాకెందుకు?"

ఈసారి మింగలేదు. "మూఢనమ్మకం కాదు సార్, మర్యాద. మనిషి దడుచుకుంటే ఒంట్లో ఉన్న ముప్పై రెండు ప్రాణాల్లో ఒకటో రెండో జారుకుంటాయి. పెద్దవాళ్ళు వాటిని పిలిచి, మళ్ళీ పారిపోకుండా మణికట్టుకి నూలు దారాలు కడతారు. మూడు రోజులు తియ్యకూడదు. ఆ తర్వాతైనా ముడి విప్పాలి తప్ప కొయ్యకూడదు. దారాలున్న చేతికి గ్లవ్సు సరిగ్గా పట్టవు. అందుకని మాలై ఇక్కడో రూలు పెట్టింది. దారం ఉన్నన్నాళ్ళు లోపలి గదికి వెళ్ళకండి, బల్ల దగ్గర పని చేసుకోండి అంది. కోసెయ్యమని ఎవర్నీ అడగలేదు. అందుకే ఇన్నేళ్ళలో ఆ రూలు ఒక్కళ్ళూ తప్పలేదు."

"చాలా బాగుంది" అన్నాడు ఫీరవిత్, ఆవలించి.

*

విచియన్ పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాడు. మాలైకి మొదటి శిష్యుడు. ఆమెని 'అజాన్' అని గురువుని పిలిచినట్టే పిలుస్తాడు తప్ప పేరెత్తడు. ఏప్రిల్ ఎండకి బయట తారు కరుగుతోంది. ఈ అబ్బాయి మందపాటి జాకెట్ వేసుకుని, గొంతు దాకా జిప్పు లాక్కున్నాడు.

"చలా డాక్టర్?"

"ఏసీ పడదక్కా నాకు."

ఏసీ వైపు చూశాను. ఆగిపోయి ఉంది.

"శనివారం మీ అమ్మమ్మ ప్రాణాలు పిలిపించిందట కదా?"

"అవునక్కా. బైకు మీంచి పడ్డాను. దెబ్బలేం లేవు. ఆవిడ ఊరుకుంటేనా, ఊరందర్నీ పిలిచి దారాలు కట్టించింది."

"ముప్పై రెండూ వచ్చేశాయా మరి?"

నవ్వాడు. "ఒకటి రెండు ఇంకా దారిలో ఉన్నట్టున్నాయి."

"ఆదివారం ఇక్కడికొచ్చావు."

"వచ్చాను. నా బల్ల దగ్గరే కూర్చున్నా. చేతికి దారాలు కదా, లోపలికెలా వెళ్తాను? అజాన్ ఒక్కరే లోపల పని చేసుకుంటున్నారు. సాయంత్రం నేను వెళ్ళేటప్పటికి ఆమె అప్పటికే ఇంటికి వెళ్ళిపోయారు."

"అంటే ఆమె వెళ్ళాక కాసేపు నువ్వొక్కడివే ఉన్నావు."

"ఉన్నాను. దారాలతో" అన్నాడు. ఆ మాట కాస్త గట్టిగా అన్నాడు. "అజాన్ దొంగతనం చేసిందంటే నేనూ నమ్మలేకపోతున్నా అక్కా. కానీ ఇంకెవరున్నారు చెప్పండి?"

నిజమైన శిష్యుడు 'నమ్మను' అంటాడు. 'నమ్మలేకపోతున్నా' అనడు. నాకు అక్కడే అనుమానం తగిలింది.

"చెల్లెలికి అన్నం పంపుతున్నావట?"

"అమ్మమ్మ చేతి అన్నమంటే దానికి ప్రాణం" అన్నాడు, నుదుటి చెమట జాకెట్ చేతికి తుడుచుకుంటూ. చలంటున్నవాడికి చెమటేమిటో నాకర్థం కాలేదు.

*

లోపలి గదికి మళ్ళీ వెళ్తానంటే ఫీరవిత్ నవ్వాడు. "మావాళ్ళు వేలిముద్రలన్నీ తీసేశారు. అన్నీ గ్లవ్సు ముద్రలే."

"చెత్తబుట్ట చూశారా?"

"ఆ ఎర్ర సంచీయా? అందులో చెయ్యి పెట్టేవాడు మా టీములో లేడు."

మా జిల్లాలో ఉంది. నేనే.

మాలై నాకు గౌను తొడిగి, మాస్కు బిగించి, రెండు జతల గ్లవ్సు వేసింది. గౌను చేతి అంచు మీదికి గ్లవ్సు లాగి, మణికట్టు చుట్టూ టేపు ఒక చుట్టు చుట్టింది. "ఒక్క చుట్టే అక్కా. ఇక్కడ అందరూ అంతే చుడతారు, విప్పేటప్పుడు సులువు" అంది. తను లోపలికి రాకూడదని కల్నల్ ఆజ్ఞ. అద్దం అవతల నిలబడి చూస్తోంది. వారం నుంచి నిద్ర లేదు మనిషికి. అయినా వీపు నిటారుగానే ఉంది.

"అక్కా, సంచీని గాజు అరలో పెట్టి విప్పండి. చేత్తో కాదు, పట్టకారుతో" అంది మైకులోంచి. "తొందర లేదు."

మామూలు రోజుల్లో ఆ ఎర్ర సంచీ రోజూ ఆవిరి పెట్టెలో ఉడికిపోతుంది. సోమవారం పొద్దున్నే గది మూసేశారు గనక ఆదివారం నాటిది అలాగే ఉంది. ఒక్కో గ్లవ్సూ తీసి పరిచాను. మాలైవి రెండు జతలు, టేపు ఒక్క చుట్టు. ఆ పైన ఇంకో జత ఉంది. కుడి చేతి గ్లవ్సుకి టేపు ఒక్క చుట్టే. ఎడమదానికి మాత్రం మూడు చుట్లు, అదీ గుంజి గుంజి చుట్టింది.

"మాలై, ఒక చేతికే మూడు చుట్లెందుకు చుడతారు?"

"చుట్టరే. అక్కడేదైనా ఎత్తుగా ఉంటే తప్ప."

పట్టకారుతో టేపు ఊడదీశాను. జిగురు వైపు తెల్లగా నూగు అంటుకుని ఉంది. ఇంకాస్త లాగితే వేలెడు పొడుగు నూలుపోగు బయటపడింది. సగం టేపు కింద ఉంది, సగం బయటికి జారింది. బయటికి జారిన సగానికి గులాబీ రంగు మరక.

మైకులో మాలై గొంతు మారిపోయింది. "ఆ గులాబీ రంగు క్రిములు పెంచే ద్రవానిది అక్కా."

"దారం దాన్ని పీల్చిందా?"

"ఒత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. కొస బయట తడిస్తే తడి గ్లవ్సులోకి వెళ్ళిపోతుంది, చర్మం దాకా. అందుకేగా ఆ రూలు పెట్టాను" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగెవరో ఆమెకీ తెలిసిపోయింది. పన్నెండేళ్ళు చెయ్యి పట్టి నేర్పిన పిల్లాడు.

*

నేను గౌను విప్పి బయటికొచ్చేసరికి ఫీరవిత్ అందర్నీ సమావేశం గదిలో కూర్చోబెట్టాడు. విచియన్ ఒక మూల ఉన్నాడు. కల్నల్ గారేమో బుట్ట మూత తీసి, చెల్లెలి అన్నం నాలుగు వేళ్ళతో లాగించేస్తున్నాడు. ఎదుట మాలై నిలబడి ఉంది, చేతులకి బేడీలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమిటిది?"

"సైన్సు" అన్నాడు నోట్లో ముద్దతో. "మంగళవారం ఈ భవనంలో అందరి రక్తం తీయించాను గుర్తుందా? ఆ క్రిమితో తలపడిన ఒంట్లోనే దాని మీద పోరాడే ప్రతిరక్షకాలుంటాయి. రిపోర్టు వచ్చింది. డాక్టర్ మాలైది ఆరువందల నలభై! అంటే ఈమె గ్లవ్సు లేకుండా ఆ సీసా ముట్టుకుంది. పోలిక కోసం నా రక్తం కూడా ఇచ్చాను. నాది సున్నా. శుభ్రం!" బుట్ట అడుగున ఏదో అరిటాకు చుట్ట తగిలితే నొక్కి, బొటనవేలు నాకి, మొహం చిట్లించాడు. "పచ్చడి కూడా చప్పగా తగలడింది మీ ఊళ్ళో."

"ఆ రోజు నేనూ చెయ్యి చాపాను సార్. నాదెంతుందో చదవండి."

"మీది కేసుకి సంబంధం లేదు."

"చదవండి సార్, పోయేదేముంది?"

కాగితం తిప్పాడు. కళ్ళు ఆగిపోయాయి. "పన్నెండువందల... ఎనభై."

నవ్వాపుకోలేకపోయాను. "మరి నాకూ బేడీలు వెయ్యండి! బయట గేటు దగ్గర కాపలావాడికీ వెయ్యండి, కాంటీన్ ఆవిడకీ వెయ్యండి. పదేళ్ళ వయసు నుంచి మోకాలి లోతు బురదలో నిలబడి నాట్లేసిన వాళ్ళం సార్. మా ఒళ్ళు ఆ క్రిమిని ఎన్నిసార్లు తన్ని తగిలేసిందో మాకే తెలీదు. రక్తం మాత్రం గుర్తుపెట్టుకుంది. మీరు పట్టుకొచ్చింది దొంగతనానికి సాక్ష్యం కాదు, వ్యవసాయానికి!"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఫీరవిత్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "అయితే దొంగని పట్టేదెలా? మీ ప్రాణాల్ని పిలిచి అడుగుతారా?"

"రక్తాన్నే అడుగుదాం. డాక్టరమ్మా, మీరు చెప్పండి" అన్నాను.

మాలై బేడీలున్న చేతులు బల్ల మీద పెట్టి, తరగతిలో పాఠం చెప్పినట్టు చెప్పింది. "పాత జ్ఞాపకం ఉన్నచోటే ఉంటుంది. వారం తర్వాత చూసినా అంతే. ఇప్పుడు లోపల యుద్ధం జరుగుతుంటే మాత్రం లెక్క పైకి లేస్తుంది. అందరి రక్తం ఈరోజు మళ్ళీ తీసి, మంగళవారం నాటి పక్కన పెట్టండి. ఎవరిది లేచిందో వాళ్ళ ఒంటికి ఈ వారంలోనే క్రిమి తగిలింది."

"వినడానికి బాగుంది" అన్నాడు ఫీరవిత్.

"ఎడమ చేతులు చాపండి అందరూ" అన్నాను.

చొక్కా చేతులు పైకెళ్ళాయి. నేనూ ఎత్తాను. విచియన్ కూడా లేచాడు. జాకెట్ పైకి లాగి కుడి చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"ఎడమదయ్యా."

"ఏ చేతిదైనా ఒకటేగా అక్కా."

"ఒకటే. అందుకే ఎడమది పెట్టు."

కదల్లేదు. మాలై మెల్లగా, "విచియన్, చూపించు నాన్నా" అంది. ఆ 'నాన్నా' అన్న పిలుపుకి వాడి మొహం చెదిరిపోయింది. జాకెట్ పైకి లాగాడు. మణికట్టు చుట్టూ దారాలు కట్టిన చోటే ఎర్రగా వాచి, మధ్యలో చీము పట్టిన పుండు. చెయ్యంతా కాలిపోతోంది. ఇందాకటి చలీ చెమటా జ్వరానివి.

"అంత తెలిసినవాడివి, ఆ దారాలు కోసేసి లోపలికెళ్ళచ్చుగా?" అన్నాను. నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"అమ్మమ్మ కట్టింది" అన్నాడు. "ఆవిడ చేతులు వణుకుతూ కట్టింది. ఎలా కోస్తానక్కా?"

గురువుని జైలుకి పంపడానికి అడ్డురాని మనసు వీడికి అమ్మమ్మ దారం దగ్గర అడ్డొచ్చింది. తిట్టాలో జాలిపడాలో తెలీలేదు. రెండూ చేశాను, మనసులోనే.

"ఎవరికోసం?" అంది మాలై.

"ఒక మందుల కంపెనీ. నా పేరు మీద సొంత ల్యాబు పెట్టిస్తామన్నారు. ఇక్కడెంత చేసినా నేను మీ శిష్యుణ్ణే కదా అజాన్. మిమ్మల్ని అనుమానిస్తారనుకోలేదు. అనుమానించాక చెప్పే ధైర్యం లేకపోయింది."

"టీకా పరీక్ష అనుమతి కాగితంలో మొదటి పేరు నీదే రాశాను" అంది మాలై. "పుట్టినరోజుకి చెబుదామని దాచాను."

విచియన్ కుర్చీలో కూలబడ్డాడు. మాలై తల తిప్పేసుకుంది. నేను మాత్రం ఆగలేదు, అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. "సీసా ఏది? గేటు దాటలేదు. మావాళ్ళు ప్రతి సంచీ చూస్తున్నారు."

"చూడని సంచీ ఒకటుంది" అన్నాడు విచియన్, నేల చూపులు చూస్తూ.

అవును. కల్నల్ గారి కారు మావాళ్ళు ఆపరు.

"నీకు చెల్లెలుందా?" అన్నాను.

"లేదు. విమానాశ్రయంలో కంపెనీ మనిషి ఉంటుంది."

గదిలో అందరి కళ్ళూ ఒక్కసారి బల్ల మీదికి తిరిగాయి. వెదురు బుట్ట. సగం ఖాళీ అయిన అన్నం. అడుగున నొక్కుడుపడిన అరిటాకు చుట్ట, దాని చుట్టూ మెతుకులు గులాబీ రంగుకి తిరిగి ఉన్నాయి. వారం రోజులుగా దేశమంతా వెతుకుతున్న సీసాని ఈయన పచ్చడనుకుని నొక్కి, మూత ఊడగొట్టాడు.

"ఎవరూ ముట్టుకోకండి" అంది మాలై. "అందరూ గోడ దగ్గరికి జరగండి. కల్నల్ గారూ, మీరు మాత్రం అక్కడే ఉండండి."

ఫీరవిత్ తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. తర్వాత రిపోర్టు వైపు చూశాడు. "నాది సున్నా" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "సున్నా అంటే... మంచిదే కదా?"

"మీ ఒంటికి అదెవరో తెలీదని అర్థం" అంది మాలై. "మావాళ్ళ ఒంటికి అది పాత శత్రువు, చూడగానే గుర్తుపడుతుంది. అయినా మాలోనూ ఓడిపోయేవాళ్ళున్నారు. మీ ఒళ్ళు ఇవాళే మొదటిసారి చూస్తోంది. పైగా షుగరు. షుగరున్న వాళ్ళంటే దానికి మహా ఇష్టం."

"మందుందా?"

"ఉంది. జ్వరం రాకముందే మొదలుపెట్టి మూడు వారాలు తప్పకుండా వేసుకోవాలి. విచియన్‌కి ఇప్పుడే సూదిమందు ఎక్కించాలి, ఇంకో రోజు ఆగితే రక్తంలో పాకుతుంది."

"బ్యాంకాక్‌లో పెద్ద ఆసుపత్రి..."

"వెళ్ళండి. వాళ్ళు మీ రిపోర్టు చూసి, ఏం చెయ్యాలని ఫోను నాకే చేస్తారు."

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం గుండె నిండిపోయింది. మా నాన్న పోయిన రోజు ఆ జ్వరం పేరు చెప్పగలిగిన మనిషి ఈ జిల్లా మొత్తంలో ఒక్కరూ లేరు. ఇవాళ మా బురదలో పుట్టిన పిల్ల, తనని దొంగని చేసినవాడినీ, తన వెన్నులో పొడిచినవాడినీ, ఇద్దర్నీ బతికించే పనిలో పడింది.

మాలై అడుగు ముందుకేసి, ఫీరవిత్ ఎదుట రెండు చేతులూ చాపింది.

"ముందు ఈ బేడీలు తియ్యండి కల్నల్ గారూ. సూది పట్టుకోవాలంటే నాకు రెండు చేతులూ కావాలి."

ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. తడి వేళ్ళతో తాళంచెవి ముట్టుకోవాలంటే భయమేసినట్టుంది. నేనే గ్లవ్సు తొడుక్కుని, ఆయన జేబులోంచి తీశాను.